అత్త వంటింటి అదురు, నా హానింగ్ విండో

నా మీద నాకున్న గౌరవంలో ముప్పాతిక భాగం ఒక పట్టికలో ఉండేది. ఆరు వరసలు, నాలుగు గడులు. ఒక డిజిటల్ సంకేతంలో ఏయే పౌనఃపున్యాలు దాగి ఉన్నాయో వెతికేటప్పుడు వాడే ఆరు విండో ఫంక్షన్లలో ఏది మంచిది, ఏది పనికిరానిది అని తేల్చే పట్టిక అది. టెక్కలి దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, మిగిలిన సమయంలో తొమ్మిదేళ్లు కూర్చుని దాన్ని తయారుచేశాను. ఈ తొమ్మిదేళ్లలో నా తోటివాళ్లు ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల్ని పెంచుకున్నారు, ఒకావిడ రెండుసార్లు కాశీ వెళ్లొచ్చింది. నాకు మాత్రం ఆరు వరసల పట్టిక మిగిలింది. అందులో తప్పు లేదని చెప్పడానికే నా పరిశోధన గైడు మూడేళ్లు తీసుకున్నాడు.

తెలియనివారి కోసం, అందులో నా విద్యార్థులు కూడా చేరతారు కాబట్టి, సంగతేమిటో చెప్తాను. ఏ శబ్దాన్నయినా, ఏ అదురునయినా కాలమంతా రికార్డు చేస్తూ కూర్చోలేం. ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడో ఆపుతాం. ఆ ముక్కను కంప్యూటరుకు ఇస్తే, అదే ముక్క ముందూ వెనకా తిరిగి తిరిగి వస్తుందనుకుని అది లెక్క కడుతుంది. ముక్క చివరా మొదలూ కలవకపోతే అతుకు దగ్గర తేడా వస్తుంది, చారల గుడ్డను ఎక్కడ పడితే అక్కడ కోసి కుడితే చారలు తప్పిపోయినట్టు. ఆ తేడాలోంచి అసలు లేని పౌనఃపున్యాలు పుట్టి గ్రాఫంతా పాకుతాయి. దీన్ని లీకేజీ అంటాం. లీకేజీ తగ్గాలంటే ముక్క రెండు చివరలనూ మెల్లగా సున్నాకు దించాలి. ఏ ఆకారంలో దించాలన్నదే విండో.

ఏమీ దించకుండా, కోసింది కోసినట్టు వాడితే దాని పేరు రెక్టాంగులర్. లీకేజీలో అది అందరికన్నా అధ్వాన్నం. హానింగ్, హామింగ్ అన్నదమ్ముల్లాంటివి, మర్యాదగా భుజాలు దించి నిలబడతాయి. బ్లాక్‌మన్ ఇంకా మెత్తన. ఫ్లాట్‌టాప్ ఎత్తు కొలవడానికి బాగుంటుంది, మరి దేనికీ బాగుండదు. కైజర్‌కు బీటా అని ఒక మీట ఉంటుంది. దాన్ని తిప్పినకొద్దీ అది ఎటు కావాలంటే అటు అవుతుంది కాబట్టి, దాన్ని చూసినప్పుడల్లా మా మండలంలో ఏ పార్టీలో ఉన్నాడో ఉదయం పేపరు చూస్తే గాని తెలియని ఒక పెద్దమనిషి నాకు గుర్తొస్తాడు.

అయితే ఈ మెత్తదనం ఉత్తినే రాదు. చివరలు ఎంత మెత్తగా దించితే లీకేజీ అంత తగ్గుతుంది, గ్రాఫులో ఆ పౌనఃపున్యం దగ్గర లేచే శిఖరం మాత్రం అంత లావెక్కుతుంది. పక్కపక్కనే రెండు సన్నని శిఖరాలు ఉంటే కలిసిపోయి ఒకే గుట్టలా కనిపిస్తాయి. ఈ వాక్యం నేను ఏటా బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు గీసి, పరీక్షకు ముఖ్యం అని చెప్తాను. పిల్లలు రాసుకుంటారు. నేను కూడా ఎక్కడైనా రాసుకుని ఉంటే బాగుండేది.

మా ఊరు కంచిలి నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉంటుంది. తుఫానుకు తోటలో సగం కొబ్బరిచెట్లు కూలిన ఏడాది, మిగిలిన చెట్లను నమ్ముకుంటే గడవదని నాన్న కొబ్బరి డొక్కలు చీల్చి పీచు తీసే మిషను పెట్టాడు. చెట్లు పడిపోయినప్పుడు ఆయన ఏడవలేదు. మిషను మొదటిసారి తిరిగిన రోజు మాత్రం తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ, పీచు దుమ్ము కళ్లలో పడిందన్నాడు. అప్పటికింకా ఒక్క డొక్క కూడా వెయ్యలేదు.

ఆ షెడ్డుకు కూతవేటు దూరంలో మా మావ షెడ్డు. మావ అంటే నాన్న చెల్లెలి భర్త. జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే చిన్న యూనిట్ ఆయనది, పొట్టు లాగెయ్యడానికి ఒక పెద్ద బ్లోయరు ఉంది. రెండు షెడ్లకూ నడుమ అత్త ఇల్లు. వంటిల్లు సరిగ్గా మధ్యలో పడింది. ఒక పక్క అన్న మోటారు, ఇంకో పక్క మొగుడి మోటారు, రెండిటి మధ్య పొయ్యి దగ్గర అత్త.

ఆ వంటింట్లో గిన్నెలు అదరడం మొదలుపెట్టాయి. గోడ అరల్లో స్టీలు పళ్లేలు గలగలలాడేవి, చెంబులో నీళ్లు వణికేవి. అత్త మొదట్లో పట్టించుకోలేదు. ఒకరోజు ఆవకాయ జాడీ అరమీద అంగుళం అంగుళం నడుచుకుంటూ అంచుదాకా వచ్చి కిందపడి పగిలింది. ఏడాది ఊరగాయ నేలపాలయ్యాక ఇక పట్టించుకోక తప్పలేదు.

మావ అది పీచు మిషను అదురన్నాడు. నాన్న అది బ్లోయరు అదురన్నాడు. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా పొద్దున్నే ఊరి మొగలో టీ బడ్డీ దగ్గర ఒకే బల్ల మీద కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఎదురెదురు బల్లల మీద కూర్చుని, ఒకరి ముఖం ఒకరికి ఇదివరకటి కన్నా బాగా కనిపిస్తూ, మాట్లాడుకోవడం మానేశారు. చివరికి బడ్డీ దగ్గరి పెద్దలు ఒక మాట అనిపించారు. ఎవరి మోటారు వల్ల ఇల్లు అదురుతుందో వాళ్లు మోటారు ఆపాలి, దాన్ని బిగించిన సిమెంటు దిమ్మ పగలగొట్టాలి, షెడ్డు అక్కణ్ణుంచి తీసెయ్యాలి. ఇద్దరూ సరేనన్నారు. మావకు రోడ్డు పక్కన ఇంకో స్థలం ఉంది. నాన్నకు ఉన్నది ఆ తోటే. అందులో వానాకాలం మోకాటిలోతు నీళ్లు నిలవని చోటు ఆ షెడ్డు వేసిన చోటొక్కటే. దిమ్మ పగిలితే నాన్న పని అక్కడితో సరి. ఆ సంగతి నాకు తెలుసు, అందరికీ తెలుసు.

ఆ తరవాత వచ్చిన ఆదివారం నన్ను పిలిపించారు.

"ఒక పూట ఒక మోటారు ఆపి సూస్తే తెలిసిపోద్ది కదా మావా," అన్నాను.

"నేనేల ఆపాల?" అన్నాడు మావ. "ముందు ఆపినోడిదే తప్పని ఊరంతా అనుకుంటాది. మీ నాన్నని ఆపమను."

నాన్ననడిగాను. "బావ ఆపితే నేనూ ఆపుతాను," అన్నాడు.

"ఇద్దరూ ఒకేసారి ఆపితే ఏటి తెలుస్తాది నాన్నా?"

"ఏటీ తెల్దు. అందుకే నిన్ను పిలిసింది."

అతిశయోక్తి కాదు, రెండు మోటార్లూ నిజంగానే అలా నడిచేవి. గొడవ మొదలైనప్పటి నుంచి ఒకరు స్విచ్చి వేస్తే రెండో షెడ్డులో కూడా మోత మొదలయ్యేది. అన్నం వేళకు ఇద్దరూ గుమ్మాల్లో నిలబడి, ఒకరి చెయ్యి ఒకరు కనిపెట్టుకుని, ఒక్కసారే ఆపేవాళ్లు. కరెంటు పోతే రెండూ ఒకే తీగ మీద ఉన్నాయి గనుక రెండూ ఆగేవి, గిన్నెలు కూడా ఆగేవి. అప్పుడు మావ అత్తతో, సూసినావా మీ అన్న మిషను ఆగీసరికి, అనేవాడు. అదే క్షణంలో నాన్న మా అమ్మతో అదే మాట, మనిషి పేరు మార్చి అనేవాడు. ఇద్దరికీ రుజువు దొరికేది. వాళ్లిద్దర్నీ చూసి నేను నవ్వుకున్నాను. ఒక్క స్విచ్చి నొక్కితే తేలిపోయే సంగతికి పౌనఃపున్యాలను విడదీసి చూసే ఫూరియర్ విశ్లేషణ కావలసి వచ్చిన ఊరు మాదొక్కటే అయి ఉంటుంది. ఆ అవకాశం నాకు దొరికినందుకు లోలోపల సంతోషం కూడా వేసింది. తొమ్మిదేళ్లలో నా పట్టికతో ఎవరికైనా పని పడటం అదే మొదటిసారి.

కాలేజీ ల్యాబు నుంచి అదురు కొలిచే సెన్సారు ఒకటి, మోటారు వేగం కొలిచే మీటరు ఒకటి తీసుకుని మరుసటి ఆదివారం వెళ్లాను. ముందు రెండు మోటార్ల వేగం కొలిచాను. నాన్నది నిమిషానికి పద్నాలుగు వందల యాభై చుట్లు, మావది పద్నాలుగు వందల డెబ్బై. అంటే సెకనుకు ఒకటి ఇరవై నాలుగు చిల్లర, ఇంకోటి ఇరవై నాలుగున్నర. కవల పిల్లలంత దగ్గర. ఇలాంటి దగ్గరితనం గురించి జాగ్రత్తపడాలని రాసిన పుస్తకం నా సంచిలోనే ఉంది.

సెన్సారును అత్త వంటింటి అరకు అంటించి, పక్కన ల్యాప్‌టాప్ పెట్టుకుని పీట మీద కూర్చున్నాను. అత్త చింతపండు పిసుకుతూ నావైపు చూసింది.

"అమ్మీ, ఇది ఒక్కలాగ రాదే," అంది. "వత్తాది, పోతాది, మళ్లీ వత్తాది. గిన్నెలు కాసేపు మోగుతాయి, కాసేపు ఊరుకుంటాయి. ఊపిరి తీసినట్టుంటాది."

నేను తలూపాను. నోటుబుక్కులో 'ఇంట్లోవాళ్ల అభిప్రాయాలు' అని ఒక శీర్షిక పెట్టి, దాని కింద 'హెచ్చుతగ్గులు ఉన్నట్టు అనిపిస్తుందట' అని రాశాను. 'అట' అని చేర్చింది నేనే. శాస్త్రం ఒక చోటా అత్త ఒక చోటా ఉండాలని నా ఉద్దేశం.

రికార్డింగులో అన్నీ వచ్చాయి. దూరంగా రైలు పోయిన అదురు, కుక్కరు విజిళ్లు, అత్త పచ్చిమిరపకాయలు దంచడం, మావ గుమ్మంలోంచి తొంగిచూసి కోడలా ఏటైంది అని నేలను ఒక దెబ్బ తన్నడం. అందులో చెత్త లేని చోట్ల నుంచి నాలుగేసి సెకన్ల ముక్కలు ఇరవై ఏరుకున్నాను. ఒక్కో ముక్కకు విండో వేసి, లెక్క కట్టి, సగటు తీశాను. ఆరు విండోలూ వరసగా వేశాను, నా పట్టికకు న్యాయం చెయ్యాలి కదా.

హానింగ్‌తో ఒకే శిఖరం వచ్చింది. నున్నగా, గుండ్రంగా, పక్కన పిచ్చిమొక్క లేకుండా. సరిగ్గా ఇరవై నాలుగుంపావు దగ్గర. హామింగ్ అదే చెప్పింది, బ్లాక్‌మన్ కూడా అదే చెప్పింది. రెక్టాంగులర్‌తో మాత్రం కొన దగ్గర చిన్న నొక్కు పడి రెండు బొడిపెల్లా కనిపించింది. రెక్టాంగులర్ బుద్ధే అంత అనుకున్నాను. లీకేజీ వల్ల అది శిఖరం పక్కన లేపే దొంగ గుట్టల గురించి నా సిద్ధాంత గ్రంథంలో పదకొండు పేజీలు ఉన్నాయి. నేను పదకొండు పేజీల్లో తిట్టిపోసిన మనిషే వచ్చి సాక్ష్యం చెప్తానంటే ఎవరు వింటారు. ఆ గ్రాఫు మూసేశాను.

ఇరవై నాలుగుంపావు నాన్న అంకెకు దగ్గర, మావ అంకెకు దూరం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. శిఖరం నాన్న వైపు పడిందని చూసినప్పుడు భయం వేసింది, నిజమే. షెడ్డు గుర్తొచ్చింది, తువ్వాలు గుర్తొచ్చింది. దాని వెనకే ఇంకో భావం వచ్చింది. కన్నతండ్రికి వ్యతిరేకంగా తీర్పు చెప్పిన కూతురు అని ఊరు అనుకుంటుంది. ఈ పిల్ల చదువు అమ్ముడుపోయేది కాదు అనుకుంటుంది. ఆ భావం ఎంత తియ్యగా ఉందంటే, గ్రాఫును రెండోసారి చూడాలన్న ఆలోచన దానికి అడ్డం వస్తుందని రాకుండానే పోయింది. శిఖరం మావ వైపు పడి ఉంటే తప్పకుండా పదిసార్లు చూసేదాన్ని. సొంతవాళ్ల పక్షం వహిస్తున్నానేమో అని అనుమానపడేదాన్ని. సొంతవాళ్లకు అన్యాయం చేస్తున్నానేమో అన్న అనుమానం మాత్రం నాకు రాలేదు.

టెక్కలిలో కలర్ ప్రింటు తీయించి, ఆ వారం టీ బడ్డీ దగ్గర నలుగురి ముందూ పెట్టాను. శిఖరం నీలం రంగులో, మధ్యలో ఎర్ర గీత. లీకేజీ అంటే ఏమిటో, దాన్ని ఎలా అరికట్టానో చెప్పాను. చారల గుడ్డ పోలిక కూడా చెప్పాను, బాగా పండింది. చివరికి, "అదురు నాన్న మోటారుది," అన్నాను.

నాన్న ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"ఒకటేనా అమ్మా?" అన్నాడు.

"ఒకటే నాన్నా. శిఖరం ఒకటే ఉంది."

ఆయన తల ఊపి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టకుండా, గొట్టంలా చుట్టి పట్టుకుని లేచాడు. మావ నా తల మీద చెయ్యి వేసి, "సదువంటే ఇదే కోడలా," అన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాకు నేను చాలా గొప్పగా కనిపించాను. పలాస దాటేదాకా అలాగే ఉన్నాను.

నాన్న ఆ సాయంత్రమే మోటారు ఆపేశాడు. పీచు ఆరబెట్టే ఆడవాళ్లు ఆరుగురు వేరే తోటల్లో కూలికి పోయారు. దిమ్మ పగలగొట్టడానికి మేస్త్రీ వచ్చే సోమవారం వస్తానన్నాడు. అమ్మ ఫోను చేసినప్పుడు ఈ సంగతులన్నీ చెప్పింది గాని, నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు గుచ్చుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఉండగా అత్త ఫోను చేసింది.

"అమ్మీ, మీ నాన్న మిషను ఆపేసినాడు. గిన్నెలు మాత్రం ఇంకా మోగుతున్నాయే."

"మావ ఏమంటున్నాడు?"

"మీ నాన్న మిషను ఇన్నేళ్లు అదిరించీసరికి గోడకి అలవాటైపోయినాదంట. మెల్లగా తగ్గుతాదంట." అత్త గొంతు తగ్గించింది. "ఒకటి మాత్రం మారినాది. ఇప్పుడు పోయి రావడం నేదు. ఒక్కలాగే మోగుతాది. సన్నగా, ఆగకుండా."

ఫోను చెవి దగ్గరే ఉంది. రెండో చేత్తో నోటుబుక్కు లాగి, 'ఇంట్లోవాళ్ల అభిప్రాయాలు' ఉన్న పేజీ తీశాను. మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలిసిన విషయం అది. వేగంలో కొంచెం తేడా ఉన్న రెండు అదురులు కలిస్తే కాసేపు ఒకదానికొకటి తోడవుతాయి, కాసేపు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. వచ్చి పోవడం ఉందంటే అదురులు రెండు ఉన్నట్టు. ఒకటి ఆగిపోతే రెండోది ఒక్కలాగే మోగుతుంది. అత్త ఈ విషయం నాకు మొదటి రోజే, చింతపండు పిసుకుతూ చెప్పింది. నేను దాన్ని 'అట' అని రాసుకున్నాను.

ల్యాప్‌టాప్ తెరిచి, మూసేసిన రెక్టాంగులర్ గ్రాఫు మళ్లీ తీశాను. బొడిపెలు రెండు. ఒకటి నాన్న అంకె దగ్గర, ఇంకోటి మావ అంకె దగ్గర. ఇంచుమించు సమానం. తరవాత రికార్డింగులో రైలూ కుక్కరూ ఏవీ లేని చోటు వెతికి, నిమిషం పొడుగు ముక్క ఒకటి కోశాను. దానికి ఏ విండో వేసినా, నా ముద్దుల హానింగ్ వేసినా, రెండు శిఖరాలు రెండు వేళ్లు ఎత్తి చూపినంత స్పష్టంగా వచ్చాయి. అంటే విండోలది తప్పు కాదు. ముక్కను పొట్టిగా కోసింది నేను, ఆ పొట్టి ముక్కలో కూడా నిజం చెప్పిన ఒకే ఒక్కదాన్ని నోరు మూయించింది నేను. తొమ్మిదేళ్ల పరిశోధనలో నేను పోల్చని విండో ఒకటి ఉంది, అది నా సొంతది. సిగ్గు అంటే చెవులు కాలడం అని విన్నాను. ఆ రోజు నాకు నిజంగానే చెవులు కాలాయి.

సోమవారం దాకా ఆగితే దిమ్మ పగిలిపోతుంది. శనివారం పొద్దున్న మొదటి బస్సుకే ఊరు వెళ్లాను. నేరుగా టీ బడ్డీకి వెళ్లాను. నలుగురిలో చెప్పిన తప్పును నలుగురిలోనే సరిదిద్దాలని. నాన్న ఒక బల్ల మీద ఉన్నాడు, మావ ఎదురు బల్ల మీద ఉన్నాడు. బస్సు వచ్చిన చప్పుడు విని అత్త కూడా పాలగిన్నె పట్టుకుని వచ్చి నిలబడింది. రెండు శిఖరాల కాగితం తీసి మధ్యలో పెట్టాను.

"నేను చెప్పింది తప్పు," అన్నాను. "అదురు ఇద్దరిదీ. సగం నాన్నది, సగం మావది."

మావ కాగితం తిప్పి చూశాడు, తలకిందులుగా కూడా చూశాడు.

"కోడలా, మొన్న ఒకటన్నావు. ఇయ్యాల రెండంతన్నావు. వచ్చే వారానికి మూడంతావేటి?"

బడ్డీ దగ్గర నవ్వులు వినిపించాయి. నాకు కోపం రాలేదు. ఆ ప్రశ్న నా వైవా పరీక్షలో ఎవరూ అడగలేదు, అడిగి ఉండాల్సింది.

"సదువుకున్నోళ్లకి తేలినట్టే ఉంటాది, తేల్దు," అన్నాడు మావ మిగతావాళ్లతో. "నా బ్లోయరు పిట్ట రెక్కంత తేలిక. దానికి ఇల్లు అదురుతాదా? గోడకి అలవాటైపోయినాది, అంతే."

అప్పుడు అత్త పాలగిన్నె బల్ల మీద పెట్టేసి వెనక్కి తిరిగి నడిచింది. ఎక్కడికి పోతుందో ఎవరికీ తెలియలేదు. మావ టీ తాగుతూనే ఉన్నాడు. రెండు నిమిషాలకు బ్లోయరు మోత సన్నబడి, ఈల వేసినట్టు దిగి, ఆగిపోయింది. మావ గ్లాసు కింద పెట్టాడు. అందరం లేచి వెళ్లాం. అత్త షెడ్డులో మెయిన్ స్విచ్చి దగ్గర నిలబడి ఉంది, చెయ్యి ఇంకా దాని మీదే ఉంది.

"రండి, వంటింట్లోకొచ్చి సూడండి," అంది.

వంటింట్లో ఏ చప్పుడూ లేదు. పళ్లేలు పళ్లేల్లా ఉన్నాయి. చెంబులో నీళ్లు కదలడం లేదు. ఏడుగురు పెద్దమనుషులు ఒక చెంబులోకి వంగి చూడటం నేను మళ్లీ చూడలేదు.

"గోడకి అలవాటు పోయినట్టున్నాది," అంది అత్త.

మావ మీసం మీద చెయ్యి వేసుకుని గోడకేసి చూశాడు. నాన్న బయటికి వెళ్లాడు. కాసేపటికి పీచు మిషను మోత వినిపించింది, చెంబులో నీళ్లు మళ్లీ వణికాయి. ఆయన ఆపి తిరిగొచ్చి, "నాది కూడా ఉన్నాది బావా," అన్నాడు. మూడు నెలల తరవాత ఆయన మావతో అన్న మొదటి మాట అది. ఆ వంటింట్లో పది నిమిషాల్లో తేలిన దానికి కంప్యూటరు అక్కర్లేకపోయింది, నేనూ అక్కర్లేకపోయాను.

దిమ్మలేవీ పగలలేదు. నాన్న తన పీచునే మందంగా కుట్టించి దిండ్లలా చేసి, రెండు మోటార్ల కింద, మావదాని కిందే ముందు, వేయించాడు. గిన్నెలు ఇప్పటికీ ఎప్పుడైనా కొంచెం మోగుతాయి గాని, జాడీలు నడవవు. ఇద్దరూ మళ్లీ ఒకే బల్ల మీద కూర్చుంటున్నారు. ఎదురు బల్ల మీద ఉన్నప్పుడే కాళ్లు చాచుకోవడానికి బాగుండేదని మావ అంటుంటాడు.

ఆ శనివారం మధ్యాహ్నం నాన్నతో కలిసి తోటలో నడుస్తూ అడిగాను.

"నీ ఒక్కడిదే కాదని నీకు తెలుసు కదా నాన్నా?"

"తెల్సు. షెడ్డులో నిలబడితే అరికాళ్లకి తెలుస్తాది. రెండు ఎద్దులు అడుగు తప్పి నడిసినట్టుంటాది."

"మరి ఎందుకు ఆపేశావు? దిమ్మ కూడా పగలగొట్టించేవాడివి."

ఆయన నేల మీద పడిన ఎండు మట్ట ఒకటి తీసి పక్కకు విసిరాడు. "నలుగురిలో నువ్వు సెప్పీసినావు. నేను కాదంటే నీ సదువు మీద మాటొచ్చీదు," అన్నాడు.

నా సిద్ధాంత గ్రంథానికి డిగ్రీ వచ్చింది. పట్టిక మార్చలేదు, అందులో తప్పు లేదు కూడా. క్లాసులో మాత్రం ఇప్పుడు రెక్టాంగులర్‌ను మొదట్లో తిట్టడం మానేశాను. ముందు ముక్క పొడుగు చూడమంటాను, తరవాత ఆ ఇంట్లో ఉండేవాళ్లు ఏమంటున్నారో రాసుకోమంటాను, 'అట' లేకుండా. ఇది సిలబస్‌లో ఉందా మేడమ్ అని పిల్లలు అడుగుతారు. లేదంటాను. కలం మూసేస్తారు.

పోయిన నెల ఊరు వెళ్లినప్పుడు నాన్న షెడ్డులోకి వెళ్లాను. గోడ మీద, స్విచ్చి బోర్డు పక్కన, లామినేషన్ చేయించిన కాగితం ఒకటి వేలాడుతోంది. నీలం శిఖరం, మధ్యలో ఎర్ర గీత. ఆ తప్పుడు గ్రాఫు. పీచు కొనడానికి వచ్చిన ఒకాయనకు నాన్న దాన్ని చూపిస్తూ, మా అమ్మాయి తీసినాది, అంటున్నాడు. ఆయన వెళ్లేదాకా ఆగి, సంచిలోంచి రెండు శిఖరాల గ్రాఫు తీశాను.

"నాన్నా, అది తప్పు అని చెప్పాను కదా. ఇది పెట్టుకో, ఇది సరైనది."

"అదుండనీ," అన్నాడు.

"తప్పు దాన్ని ఎందుకు నాన్నా గోడకి పెట్టుకోవడం?"

ఆయన తువ్వాలుతో దాని మీది పీచు దుమ్ము జాగ్రత్తగా తుడిచాడు.

"లెక్క తప్పయితే అయినాది. కన్నతండ్రని కూడా సూడకుండా నలుగురిలో నిజం సెప్పినావు కదమ్మా. అది తప్పు కాదు కదా," అన్నాడు.

ఆ శిఖరాన్ని చూసిన రోజు అత్త వంటింట్లో పీట మీద కూర్చుని నేను దేనికి సంతోషపడ్డానో ఆయనకు తెలియదు. చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన గ్రాఫు ఒక పక్కకు ఒరిగిందని మేకు సరిచేస్తున్నాడు. రెండో కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేసుకున్నాను.